ఒక జీ తక్కువ

తను చదివిన అక్షరాల్లో తప్పు దొరుకుతుందేమోనన్నదే ఆమెకున్న పెద్ద భయం. చదువు మధ్యలో ఆగిపోయింది, ఏడాది బిడ్డను ఆయా ఇంట్లో వదిలి పనికొచ్చేది. లూవెన్‌లోని ఆ ల్యాబులో, రొట్టెల పిండిని పులియబెట్టే ఈస్టు డీఎన్‌ఏ ఫిల్ము మీద గీతలుగా పడేది; ఆ గీతల్ని ఆమె ఏ, సీ, జీ, టీ అని ఒక్కొక్క అక్షరంగా పైకి చదివేది. ఎదురుగా కూర్చుని సారు టైపు చేసేవారు. ఒకరోజు ఆయన ఒక ఉత్తరం పట్టుకుని వచ్చారు.

"నువ్వు కనిపెట్టిన కొత్త జన్యువు ఉత్తదేనట. సరిచూసిన ల్యాబువాళ్ళు రాశారు. ఒక జీ తగ్గింది, దాంతో లేని జన్యువు పుట్టుకొచ్చింది."

"దానికి మా పాప పేరు పెట్టమన్నారు కదండీ, ఫెమ్ అని!"

"ఇప్పుడు చెరిపెయ్. నీ చేత్తోనే."

"ఒక్కసారి ఫిల్ము చూడండి సార్. ఇవిగో, రెండు గీతలు. నేను 'జీ, జీ' అనే చదివాను."

"చదివావు. నేనే ఒకటి వదిలేశాను."

"మరి ఆ సంగతి వాళ్ళకి..."

"తప్పు చదివినమ్మాయిదే, ఆమెకి డిగ్రీ లేదు అని రాసేశాగా. ఇట్టే నమ్మారు. ఏడవకు, ఫిల్ము తడుస్తుంది."

ఆమె ఫెమ్‌ను చెరిపేసి, వానలో కోటైనా వేసుకోకుండా వెళ్ళిపోయింది. పాపను తీసుకెళ్ళడానికి రాలేదు; పాప ఇంకా ఆయా ఇంట్లోనే ఉంది. ఆమె ఉండే టీన్స్ వీధిలో ఉన్నవాళ్ళెవరైనా ఒకసారి ఆమె తలుపు తట్టి చూడండి.