కుట్టుగది తాళం

మద్రాసు, చింతాద్రిపేట, 1956. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీకి పది గంటలకు తనిఖీ ఆఫీసరు వస్తాడని కబురు. కుట్టుగదికి తాళం పెట్టి, దాని ముందరి వసారాలో మేస్త్రీ వరదయ్య, మిషను కుట్టే సెలీనాకు జవాబులు బట్టీ పట్టిస్తున్నాడు.

"ఇంకో తూరి చెప్పు మే. పనివేళలో ఈ తలుపు ఎట్లుంటుంది?"

"తెరిచే ఉంటుందన్నా."

"నేల చూసి చెప్తే అబద్ధమని తెలిసిపోతాది. నా మొగం చూసి చెప్పు."

"నీ మొగం చూస్తే మొలతాట్లో తాళంచెవి కనపడతాదే."

"చొక్కా కిందికి లాక్కుంటాలే. తొమ్మిదిన్నరకు తలుపు కూడా తీసేస్తా. అంతవరకు ఇది మన ఇంటి సంగతి."

"ఆయన పదింటికే వస్తాడా, అన్నా?"

"గవర్నమెంటోడు చెప్పిన టయానికి ముందొచ్చింది నువ్వు ఎప్పుడన్నా చూసినావా?"

"ఎవురో లోపల్నించి తలుపు కొడతాండారు."

"కొట్టనీ. కక్కూసుకేమో. గంట కొట్టే దాకా ఓర్చుకోమను."

"ఇది మూడో తూరి."

"ఒకదానికి తీస్తే ఇంకోతి నీళ్ళంటాది, ఇంకోతి బిడ్డకు పాలంటాది. చొక్కాలు నేను కుట్టాల్నా? నువ్వు ఇట్ల చూడు. మందులపెట్టెలో ఏముండాది?"

"నీ తమలపాకులు."

"అవి తీసేసినా. దూదుండాది, అయోడినుండాది. ఎర్ర బక్కెట్లలో ఏముండాది?"

"ఇసక. కానీ రంగు ఇంకా ఆరలా. నిన్న సాయంత్రమే గదా పూసింది."

"బక్కెట్లు ముట్టుకోవద్దని ఆయనకు నేను చెప్తాలే. ఇప్పుడు ముఖ్యమైంది. కన్నియమ్మ చెయ్యి ఎట్ల కాలింది?"

"పోయిన నెల గదిలో బట్టపీలికలు అంటుకుంటే అందరం ఈ తలుపు కాడికి ఉరికినాం. తాళమేసి ఉండింది. నువ్వు టీకొట్టు కాడ ఉంటివి. వచ్చేసరికి..."

"అది కాదు."

"అదే అన్నా. దాని చేతి మీద గుడ్డ నేనే గదా పీకేసింది. తోలు గూడా దాంతోనే వచ్చింది."

"సెలీనా. నీకు ఈ పని కావాల్నా, వద్దా?"

"కావాల. ముగ్గురు బిడ్డలుండారు."

"అయితే ఎట్ల కాలింది?"

"ఇంట్లో. సాంబారు మీద పడి."

"ఏం సాంబారు?"

"అది గూడా అడుగుతాడా?"

"చదువుకున్నోడు. అడిగినా అడుగుతాడు."

"ములక్కాయ సాంబారు."

"భేష్. లోపలికి పోయినాక కన్నియమ్మకు గూడా ఇదే చెప్పు. అది వంకాయంటే కొంప మునుగుతాది."

"అన్నా, ఒక్క మాట. సాంబారంటాను, బక్కెట్లంటాను, నువ్వు చెప్పిందంతా అంటాను. రేపట్నించి ఈ తాళం మటుకు వెయ్యొద్దు. కన్నియమ్మ ఇంకా ఆ తలుపు దిక్కే చూసుకుంటా కుడతాది. రెండు తూర్లు సూది వేల్లోకి దిగింది."

"తాళం ఓనరు మాట. ఆయన్ను కాదని నేనేం చేసేది? ముందు ఈ పొద్దు గడవనీ."

"సరి."

"చప్పుడు గూడా ఆగిపోయిందే. చూసినావా? కొంచేపు పట్టించుకోకపోతే వాళ్ళే ఓర్చుకుంటారు."

"ఓర్చుకొనేది కాదన్నా. మనం సాంబారు కాడికొచ్చేసరికి ఆగింది. తలుపుకు చెవి పెట్టి వింటాన్నట్టుండాడు."

"ఉండాడా? లోపలంతా ఆడోళ్ళే గదా. ఎవుడు?"

"కండ్లద్దాలాయన. ఏడున్నరకే వచ్చి, కన్నియమ్మ పక్కన స్టూలేసుకొని, దాని చెయ్యి చూసి పుస్తకంలో రాసుకుంటా ఉండె. నువ్వేమో టీకొట్టు నుంచి వచ్చి, గడప కాణ్ణించే నన్ను పిలిచి, తలకాయ లోపల పెట్టకుండా తాళమేస్తివి. ఇప్పుడు తలుపు తీస్తావా అన్నా, ఇంకో తూరి సాంబారు చెప్పమంటావా?"