అణువంత మొన

నాహిద్ గుడ్డలో చుట్టిన కత్తెర పట్టుకుని రావడం పీర్‌సాహెబ్ దూరం నుంచే చూశాడు. నిన్న తను సాన పట్టి ఇచ్చిన కత్తెరే. పెళ్ళిళ్ళ సీజను, ఆమె టైలరు షాపులో జాకెట్లు గుట్టలు పడి ఉంటాయి. ఇప్పుడు కత్తెర తిరిగొచ్చిందంటే మంచికి కాదు. విస్సన్నపేటలో కరెంటు సాన పెట్టిన యూసుఫ్ దగ్గరికి ఈవిడ కూడా పోతే, వాడికి పని నేర్పిన తను తిరువూరులో మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని ఆమె నోరు తెరవకముందే, తన సాన పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూర్చునే తను నోరు తెరిచాడు.

"కూర్చోమ్మా, టీ తాగు. ఈ జోజప్పకి చెబుతున్నా, నువ్వూ విను. హైదరాబాదులో ఓ పెద్ద లాబరేటరీ వాళ్ళు నాకు కబురు పెట్టారు. సూదికి మొన పెట్టాలంట, అంతే, చిన్న పని. వాళ్ళ మైక్రోస్కోపుకి అద్దాలుండవు, సూదే ఉంటుంది. చీకట్లో గోడ తడుముకున్నట్టు, తగిలీ తగలకుండా వస్తువుని తడుముతుంది. మొన చివర ఒక్క అణువే ఉండాలి. నేను సాన తిప్పా. యూసుఫ్ లాగా కరెంటు మీద కాదు, కాలితో. అరగదీయగా అరగదీయగా చివరికి రెండు అణువులు మిగిలాయి. నేనంటే నేనని తోసుకుంటున్నాయి. పక్కకి జరగవే అన్నా ఒకదాన్ని. జరిగింది."

"మాట విందా?" అన్నాడు ఆటో జోజప్ప.

"అణువులు వింటాయిరా. యూసుఫే వినడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సూదిని చలిలో పెట్టారు. ఎంత చలంటే నా టీలో ఆవిరి పైకి లేవడానికి బద్ధకించి గ్లాసులోనే కూర్చుంది. సరే, సూది అదిరితే ఫొటో చెడుతుంది కదా, బస్సులు ఆపమన్నా, ఆపారు. రైళ్ళు ఆపారు. ఇంకా ఏదో అదురుతోంది. చూస్తే నా గుండె. కాసేపు ఉండవే అన్నా, ఉంది. అయినా అదురు పోలేదు. అప్పుడర్థమైంది, భూమి తిరుగుతోంది. సాన చక్రాన్ని ఆపినట్టు మడమ అదిమా. ఆగింది."

"అదా, ఆ రోజు నాకు బేరాలు లేనిది."

"అదే. అప్పుడు కనబడింది బ్రోమిన్ అణువు. గోళీలాగా చుట్టూ ఒకేలా ఉంటుందనుకుంటారు జనం. ఉండదు. ఇదిగో, వీడి తల చూడమ్మా. నడినెత్తిన బోడి, చుట్టూ జుట్టు. జుట్టున్న చోట కరెంటు మైనస్సు, బోడిగా ఉన్న చోట ప్లస్సు."

జోజప్ప తువ్వాలు తల మీద కప్పుకున్నాడు.

"ఏది ఏ పక్కో తెలియక ఆ లాబరేటరీ సార్లు తికమకపడుతుంటే, మిషను తీసి అవతల పెట్టమని, ఉత్త కంటితో చూసి చెప్పా. ఈ పీర్‌సాహెబ్ కంటికి పక్క తప్పడమన్నది పుట్టి బుద్ధెరిగి లేదు."

అప్పటిదాకా ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని వింటున్న నాహిద్, గ్లాసు కింద పెట్టింది. మూట విప్పి, గుడ్డపీలిక నీళ్ళలో తడిపి, అదే చేత్తో కత్తెర వేసింది. గుడ్డ తెగలేదు. రెండు రేకుల మధ్యా నలిగి ఇరుక్కుంది.

"చాచా, అణువుకి ఏ పక్క ప్లస్సో చూశారు, బాగుంది. పదేళ్ళుగా మీ కళ్ళ ముందే గుడ్డ కత్తిరిస్తున్నా. నాది ఏ చెయ్యి?"

పీర్‌సాహెబ్ ఆమె చెయ్యి చూశాడు. కత్తెర చూశాడు.

"ఎడమచేతి వాళ్ళ కత్తెరని ఈమధ్యే ఏరి కోరి తెప్పించుకున్నా. పదును అటు పక్క ఉండాలి. మీరు అలవాటు కొద్దీ ఇటు పక్క అరగదీశారు."

జోజప్ప నవ్వుతూ తువ్వాలు తీసేశాడు. పీర్‌సాహెబ్ కత్తెర తీసుకుని, మొదటిసారి ఎడమచేత్తో పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"యూసుఫ్‌కి చూపించావా?"

"ఇంకా లేదు."

"అయితే ఇంకో టీ తాగు."

లేచి వెళ్ళి సాన మీద కాలు వేశాడు.

"మెల్లగా తొక్కండి సాయిబు గారూ," అన్నాడు జోజప్ప, "భూమి ఆగిందంటే నా రెడ్డిగూడెం బేరం పోతుంది."