ఎర్ర రిబ్బన్ లేని కంప్యూటర్

యూనివర్సిటీ ట్రేడింగ్ ల్యాబ్‌లో భోజనాల వేళ ఇద్దరే మిగిలారు. ల్యాబ్ చూసుకునే సీనియర్, ఈ ఏడే చేరిన అమ్మాయి.

"అన్నా, ప్రాక్టీసులో షేర్లు అమ్మితే మెయిల్ రాదు కదా?"

"ఎందుకొస్తుంది? అంతా ఉత్తుత్తి డబ్బేగా."

"మరి నాకొచ్చింది. అమ్మకం పూర్తయిందట. మన ప్రొఫెసర్ సార్‌కి కూడా వెళ్ళింది."

అతను ఒక్క ఉదుటున వచ్చి తెర చూశాడు.

"కొంప ముంచావు కదమ్మా! ఇది స్కాలర్‌షిప్ నిధి. నిజం షేర్లు. ఎన్ని అమ్మావు?"

"అన్నీ. ధర పడుతుంటే ఎలా వదిలించుకోవాలో నేర్చుకుందామని..."

"ఇక వెనక్కి రావు, తెలుసా? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? నిజం డబ్బుండే కంప్యూటర్‌కి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటుందని మొదటిరోజే చెప్పానా లేదా?"

"చెప్పావు. అందుకే కూర్చునే ముందు చూశానన్నా, ఒట్టు. రిబ్బన్ లేదు."

"లేకుండా ఎక్కడికి పోతుంది? పొద్దున నేనే తెర తుడుస్తూ..."

తుడవడానికి అడ్డమొస్తోందని అప్పుడు రిబ్బన్ విప్పింది తనే. చేయి దానంతటదే ప్యాంటు జేబులోకి వెళ్ళింది. వేళ్ళకి మెత్తగా తగిలింది.

"తుడుస్తూ?"

"ఏం లేదు."

వరండాలో సార్ బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"అన్నా, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. నన్ను తీసేస్తారు. రిబ్బన్ లేదంటే సార్ నమ్ముతారా?"

తలుపు తెరుచుకుంది.

"నమ్మరు," అన్నాడు, జేబులోని చేయి బయటికి తీయకుండానే.