గంటా యాభై నిమిషాలు

పొద్దున పదిన్నర. రెండో ఇంటి గుమ్మంలో మొదటి భార్య నిలబడి ఉంది. కుట్టు మిషన్ ముందున్నావిడ లేవలేదు.

“ఆయన్ని బయటికి పిలు.”

“మీరా! రండక్కా, కూర్చోండి. ఎనిమిది గంటల ప్రయాణం, ఒళ్లు హూనమై ఉంటుంది.”

“అక్కా అన్నావంటే పళ్లు రాలతాయి. ఎనిమిది గంటలేంటి? గంటా యాభై నిమిషాలు! పన్నెండొందల కిలోమీటర్లు, విమానం ఎక్కి కునుకు తీసేలోపు దింపేశారు.”

“మధ్యలో ఇంకో ఊళ్లో దిగి, విమానం మారాలిగా?”

“నీకూ అదే చెప్పాడా? నేనూ ఆరేళ్లు నమ్మాను. పిలు.”

“లేడు.”

“ఏ మంచం కింద దాచావ్?”

“వెతుక్కోండి. ఉన్నవి రెండు గదులు. నా అడ్రసు ఎవరిచ్చారు?”

“వాడి చొక్కా జేబులో నీ కుట్టుకొట్టు చీటీ దొరికింది. ఈ మొహానికా వాడు ఆకాశంలో ఎగురుకుంటూ వస్తున్నాడు?”

“మొహానికి కాదు, మాటకి. మీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టేనట. ఆయనే అన్నాడు.”

“అన్నాడా?”

“ఇంకా చాలా అన్నాడు. చెప్పనా?”

“వద్దు... చెప్పు. వద్దులే. వాడి విమానం ఏడింటికి. నాది ఎనిమిదింటికి. నాకంటే గంట ముందు దిగుండాలి. నువ్వు దాచకపోతే ఎక్కడికి పోతాడు?”

“ఏ సోమవారం వచ్చినా, మూడింటికి దిగానంటూ మూడున్నర దాటాకే వస్తాడు. ఇవాళా అంతే. నమ్మితే నమ్మండి.”

“నాటకాలాడకు. లిఫ్టుల రిపేరని నాకు చెప్పి, ఆ ఎనిమిది గంటల కథ అల్లింది నీతో గడపడానికేగా? పాపం, నా చెల్లెలి చేత కూడా అబద్ధం చెప్పించాడు.”

“చెల్లెలా?”

“విమానాశ్రయంలో టికెట్ల కౌంటర్లో ఉంటుంది. ఆయన టికెట్లన్నీ అదే తీస్తుంది. ‘నేరుగా వెళ్లే విమానం లేదక్కా, ఎనిమిది గంటలు పడుతుంది’ అని ఒట్టేసింది. నీ సంగతి తెలిస్తే నేను తట్టుకోలేనని దాచుంటుంది. అమ్మ పోయాక నేను తినిపిస్తే పెరిగిన పిల్ల. నేను ఏడిస్తే ఓర్చుకోలేదు.”

“ఏడింటి విమానం ఆయన ఎక్కడం మీరు చూశారా?”

“చూడలేదు. ఆయన ఇల్లు దాటాక గంటకి బయల్దేరాను.”

“మీరెక్కిన దాని తర్వాత ఇటు ఇంకో విమానం ఉందా?”

“బోర్డు మీద చూశాను. ఒంటిగంట పదికి ఒకటి.”

“ఒంటిగంట పదికి ఎక్కితే మూడింటికి దిగుతాడు. ఇంకో అరగంటకి నా గుమ్మంలో ఉంటాడు. సరిపోయింది.”

“ఏం సరిపోయింది?”

“ఆ ఎనిమిది గంటలు నాకోసం కాదక్కా. ఒక్క గంటైనా నాకు దక్కలేదు. ఏడు నుంచి ఒంటిగంట దాకా మీ ఊళ్లోనే ఉంటున్నాడు.”

“నోర్ముయ్. అక్కడ ఎవరున్నారు వాడికి?”

“మీ చెల్లెలుండేది ఎక్కడ?”

“విమానాశ్రయం వెనకే. ఒక్కతే ఉంటుంది. డ్యూటీకి దగ్గరని ఆయనే చూసిపెట్టాడు ఆ ఇల్లు. ఎందుకూ?”

“ఊరికే. ఇవాళ మీ టికెట్టు ఆ అమ్మాయే ఇచ్చిందా?”

“లేదు, కౌంటర్లో వేరే ఆవిడుంది. సోమవారాలు దానికి... దానికి సెలవు.”