మీ తాత వైపు తిప్పని తుపాకీ

"అమ్మమ్మా, తుపాకీ మీద బిగించే దుర్భిణి లక్షలంట! అంత సీనుందా దానికి?"

ఉందిరా. నవ్వకు. నేనూ నీలాగే నవ్వినదాన్నే. ఆ ఫోను పక్కన పడేసి ఇలా కూచో, చెప్తా.

మీ తాతా నేనూ దుబాయిలో ఒకే ఇంట్లో పని. అదే, అబుదాబిలే, మనకన్నీ దుబాయే గదా. ఆయన డ్రైవరు, నాది వంట. ఇంటాయన్ని బాబా అనేవోళ్ళం. మంచోడే గానీ తుపాకుల పిచ్చి. లైసెన్సులున్నాయిలే, గురి పోటీలకెళ్ళేవోడు. రెండువేల ఆరు... కాదు కాదు, మీ అమ్మ పెళ్ళి కుదిరిన ఏడు, ఐదే. ఆ ఏడు జర్మనీ నుంచి ఓ దుర్భిణి తెప్పించేడు. మూరెడు గొట్టం! రేటు విని మీ తాత, "దీంతో మనూళ్ళో రొయ్యల చెరువు తవ్వించెయ్యొచ్చే" అన్నాడు. అప్పట్లో రొయ్యలు కేజీ ఎంతనుకున్నావు... సర్లే, అది వేరే కథ.

చలికాలం వాళ్ళు ఇసక దిబ్బల్లో గుడారం వేస్తారు. మమ్మల్నీ తీసుకెళ్ళేరు. పొద్దున్నించీ బాబాకి అదే పని. అట్టముక్క నిలబెట్టి కాల్చడం, దుర్భిణి మీద మీట ఇసుమంత తిప్పడం, మళ్ళీ కాల్చడం. మర్నాడే పోటీ. మజ్జానానికి గురి కుదిరిందిరా, చిన్నపిల్లాడిలా గంతులేసేడు.

సాయంత్రం మీ తాత పికప్పేసుకుని మంచినీళ్ళకెళ్ళేడు. అరగంటలో రావాల్సిన మనిషి, పొద్దుగూకినా రాలేదు. ఫోను కలవదు. చలేమో ఎముకలు కొరికేస్తంది, ఒంటి మీద చొక్కా తప్ప ఏం లేదాయనకి. చీకటి పడితే ఆ ఇసకలో ఎటని ఎతుకుతాం? నా పై ప్రాణాలు పైనే పోయేయి.

బాబా, ఆళ్ళబ్బాయీ దిబ్బెక్కేరు. నేనూ చెప్పుల్లేకుండా వెనకాలే. బాబా మెడలో మామూలు దుర్భిణి ఉంటే దాంతో చూసేడు, నాకూ ఇచ్చేడు. ఏముంది, అంతా బూడిదే. "బాబా, తుపాకీదాంతో చూడు!" అని అరిచేను. ఆయన తుపాకీ తెప్పించి, గుళ్ళు తీసేసి, భుజానికెత్తకుండా ఇసకలో చతికిలబడ్డాడు. ఏంట్రా అంటే, మరలు విప్పుతున్నాడు! కొడుకు నెత్తి కొట్టుకున్నాడు. "ఇప్పుడూడదీస్తే గురి మొత్తం పోద్ది, రేపు పోటీ! ఖాళీదే గదా, అలాగే చూడు!" అని. బాబా తలెత్తలేదు. "అక్కడున్నది మనిషి" అన్నాడు, అంతే.

నాకేమో ఒళ్ళు మండిపోతంది. వెలుగు పోతంటే ఈయన మరలేంటి ప్రభువా అని మనసులో ఎన్ని తిట్టేనో!

విప్పేసి, గొట్టం కంటికి పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి ఆగిపోయేడు. "షూఫ్, చూడు, నీ మనిషేనా?" అని నా చేతికిచ్చేడు.

ఒరే నాన్నా... ఏం చెప్పనురా. బూడిదలా ఉన్నచోట దిబ్బలు దిబ్బలుగా కనపడ్డాయి! ఉన్న ఆ కాస్త వెలుగునీ అదెక్కడ పోగేసుకుందో! ఆ చివర పికప్పు ఇసకలో కూరుకుపోయుంది. దానికివతల, కాలు బెణికి కూలబడి, ఎర్రగళ్ళ తువ్వాలు ఊపుతున్నాడు మీ తాత. నేను కొన్న తువ్వాలే! పెదాలు ఆడతన్నాయి. నన్నే తిడుతున్నాడనుకున్నా, అవునంట. అదిగో, వింటూ నవ్వుతున్నాడు చూడు, దొంగ మొహం! అక్కడే ఏడ్చేసేనురా. బండేసుకెళ్ళి తెచ్చేరు.

మర్నాడు పోటీలో బాబా గుళ్ళన్నీ ఎటో పోయేయి. మళ్ళీ బిగించేడు గానీ గురి సరిచూసుకునే టైమేదీ? ఇంటికొచ్చి టీ అడిగేడు, పోటీ మాటే ఎత్తలేదు. నేనే టీ ఇస్తా ఆయన చేతులకేసి చూస్తా ఉండిపోయేను. నిన్న తిట్టుకున్న చేతులే గదా.

అందుకే, ఆ గాజుకి లక్షలంటే ఇప్పుడు నవ్వన్రా. కళ్ళారా చూసేను. కానీ ఖాళీదని తెలిసి కూడా ఆ తుపాకీని నా మొగుడి వైపు తిప్పలేదు చూడు ఆయన, దానికెంతని చెప్పమంటావు? నాకైతే తెలీదు.

చల్లగా ఉండు నాయనా. ఆ బుద్ధి నీకూ ఇవ్వాలి దేవుడు. లే, తాతకి దుప్పటి కప్పు, చలేస్తంది ఆయనకి.