పెట్టె దిగమంది

గున్‌వోర్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. కాఫీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. ఆ రోజూ బెర్గెన్ విమానాశ్రయంలో, సిబ్బంది గది కిటికీ పక్కన కప్పు పట్టుకుని నిలబడి ఉంది. బల్ల దగ్గర కెప్టెన్ హాల్వర్ వాఫెల్ మీద జున్ను పరుచుకుంటూ, సోమవారం నుంచి తన దగ్గర శిక్షణకి చేరబోయే ముగ్గురు కొత్త పైలట్లకి కోతలు కోస్తున్నాడు. కథ పోయిన నెలది. అప్పుడు కో-పైలట్‌గా అతని పక్క సీట్లో ఉన్నది గున్‌వోరే.

"మబ్బులోంచి బయటికొచ్చామా, ఎదురుగా విమానం! మూడొందల మీటర్లు ఉంటుందేమో. గుద్దుకోకుండా హెచ్చరించే పెట్టె 'దిగు, దిగు' అని ఒకటే గోల. కింద కంట్రోలరేమో పైకి పొమ్మంటాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఇద్దరి మాటా వినలేదు! పెట్టె అరుపు పెళ్ళాం సణుగుడు లాంటిదిరా అబ్బాయిలూ, ఊఁ కొట్టి మన పని మనం చూసుకోవాలి."

ఇద్దరు నవ్వారు. మూడో పైలట్ ఇంగెబోర్గ్ నవ్వలేదు.

"పక్కకి వాల్చి వాళ్ళ రెక్క కిందనుంచి దూర్చాను. ముప్ఫై మీటర్లు... ముప్ఫై ఎక్కడిది, జానెడు! అవతలి కెప్టెన్ మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టాను."

"ఎన్నున్నాయేంటి?" అన్నాడు మెకానిక్ ఐనార్.

"పదకొండు. సెల్యూట్ కూడా కొట్టాడు పాపం. వాళ్ళ ప్రయాణికులు కిటికీల్లోంచి చప్పట్లు! మా వెనకాల ఒక్క కప్పు తొణికితే ఒట్టు. ఈ గున్‌వోర్ మాత్రం కళ్ళు మూసుకుని, నా మోచెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. కావాలంటే అడగండి."

"అడగక్కర్లేదు, చెప్తా," అంది గున్‌వోర్. "నువ్వు కంట్రోలర్ మాట విని పైకి లాగావు హాల్వర్. మన పెట్టె దిగమంటే వాళ్ళ పెట్టె వాళ్ళని ఎక్కమంటుంది. అవి రెండూ మాట్లాడుకునే చెప్తాయి. వాళ్ళు ఎక్కుతున్నారు, నువ్వూ ఎక్కిస్తున్నావు. నీ చేతిలోంచి కంట్రోల్స్ లాక్కుని విమానాన్ని దింపింది నేను."

"అబ్బ! సరదాకి చెప్తుంటే..."

"సరదానా? రేపు పెట్టె దిగమన్నప్పుడు వీళ్ళకి నీ పెళ్ళాం జోకు గుర్తొస్తే, వెనకాల ఉన్న నూట ఎనభై మందికి ఎవడు జవాబు చెప్తాడు?"

"మరి నివేదికలో ఏముంది?" ఇంగెబోర్గ్ అడిగింది.

"ఇద్దరం కలిసి దింపామని ఉంది. ఇతను రాశాడు. నోరు మూసుకుని సంతకం పెట్టింది నేను."

ఆ మధ్యాహ్నమే ఆమె రెండో నివేదిక పంపింది. అందులో తన అబద్ధపు సంతకం సంగతీ రాసింది. హాల్వర్‌కి శిక్షణ పని పోయింది, ఆమెకి రావలసిన కెప్టెన్ పదవి ఆగిపోయింది. ఆ తర్వాత మూడో ఏట వేరే కంపెనీలో చేరి కెప్టెన్ అయింది.