చదివావా, దుర్గా?

హలో… ఆ, నేనే, దుర్గనే. చెప్పండి గిరిధర్ భయ్యా… కొంచెం గట్టిగా మాట్లాడండి, మీ వెనకాల మైకు టెస్టింగ్ గోల…

లేదు, బయల్దేరలేదు. సిప్పీఘాట్‌లోనే, ఇంట్లోనే ఉన్నాను… జ్వరం అని మెసేజ్ పెట్టాను కదా… నా కోసం ఆగకండి. కానిచ్చేయండి.

జనం వచ్చారా?… అంతమందే… వైజాగ్ నుంచి మన దీవులకి షిప్పులో కూడానా? పదకొండు మంది… నాన్న బొమ్మతో బ్యాడ్జీలు… అచ్ఛా. కేక్ కూడా. ఆయన కేక్ తినేవారు కాదు. పర్లేదు, కొయ్యండి, పుట్టినరోజు కదా.

అవును, ఫోటోలు నేనే పంపాను. నాన్న రాసిన ఏడు పుస్తకాలవీ. నాన్న నాకిచ్చిన కాపీల్లో మొదటి పేజీలు కావాలి, మాస్టారి చేతిరాత స్క్రీన్ మీద చూపిస్తాం అన్నారు మీరే… మరి వెయ్యండి. నన్ను అడగడం దేనికి?

ఇప్పుడే తెరిచి చూశారా. సరే… ఏటలా ఆగిపోయారు?… ఆశీస్సులే కదా భయ్యా. ‘చిరంజీవి దుర్గకు ఆశీస్సులతో, నాన్న.’ అన్నింట్లోనూ అదే…

కాదా?

…

మొదటి రెండింట్లో అదే. ఆ… మిగతా అయిదింట్లో కాదు.

నాకు తెలుసనుకున్నారా… లేదు. చదవలేదు… ఆ పేజీలే కాదు భయ్యా, ఏ పేజీ చదవలేదు. నాకు తెలుగు చదవడం రాదు.

…

ఉన్నాను, లైన్లోనే ఉన్నాను… మాట్లాడతాను, అంతే. హిందీ మీడియం నాది. నాన్న టీచర్ డ్యూటీ దూరంగా మాయాబందర్‌లో, అమ్మా నేనూ ఇక్కడ టౌన్లో, గోల్ ఘర్‌లో. ఆయన సెలవులకొచ్చేవారు. ‘దానికి తెలుగు నేను నేర్పేశాను’ అని అమ్మ చెప్పింది ఆయనకి. నేర్పలేదు. తర్వాత నేనూ చెప్పలేదు… మీకు చెయ్యి పట్టి దిద్దించారు కదా, బళ్ళో. మాయాబందర్ పిల్లలందరికీ దిద్దించారు.

అందుకే రాలేదు ఇవాళ. జ్వరం గిరం ఏం లేదు. స్టేజీ మీద నేను ఒక పేజీ చదవాలని కార్డులో వేశారట, మా ఆయన చెప్పారు. శేషయ్య మాస్టారి కూతురు అంతమంది ముందు పుస్తకం పట్టుకుని ఏం చేస్తుంది…

ఆ మొదటి రెండూ అమ్మే చదివి చెప్పింది నాకు. తర్వాత అమ్మ మాయాబందర్ వెళ్ళి నాన్నతో ఉంది, అక్కడే పోయింది. మూడోది వచ్చినప్పుడు కూడా అదే రాసుంటారు అనుకున్నాను. ఎవర్ని అడుగుతాను, మా ఆయన్ని అడిగినా తెలిసిపోతుంది కదా.

పుస్తకం వచ్చిందంటే ఆయనే తెచ్చేవారు. తెల్లారి బస్సెక్కితే సాయంత్రానికి మా గుమ్మంలో. నా చేతికిచ్చేవారు, అంతే. మళ్ళీ నెలకొచ్చి అడిగేవారు, చదివావా దుర్గా, అని. చదివాను నాన్నా, బాగుంది, అనేదాన్ని. కాసేపు నా మొహం చూసేవారు. తర్వాత టీ తాగి, మర్నాటి బస్సుకి సంచి సర్దుకునేవారు… ప్రతిసారీ అంతే.

ఏం రాశారు భయ్యా?

…లేదు, చదవండి. ఇప్పుడే. మీరు పక్కకొచ్చి చదవండి, ఎవరూ వినకుండా.

…

ఊఁ. ‘అమ్మ పోయాక ఈ క్వార్టర్‌లో ఉండలేకపోతున్నాను.’ … తర్వాతది.

…

‘మీ వెనక గది ఖాళీగా ఉందన్నావు.’ ఆ, అన్నాను ఎప్పుడో. ఇప్పుడూ ఖాళీయే, కొబ్బరికాయలు పోసుకుంటున్నాం… చదవండి, చదవండి.

…

‘అడగడానికి నోరు రావడం లేదు, రాస్తున్నాను. నువ్వు ఒక్క మాట అంటే వచ్చేస్తాను.’

…

అయిదో దాంట్లోనూ అదే… ఆరులోనూ… చివరిదాంట్లో?

…

‘ఇక అడగను. నీ సంసారం నీది. నాకు కోపం లేదు.’

…ఠీక్ హై.

ఆ ఏడాదే పోయారు. వంటింట్లో పడిపోతే, పక్కింటివాళ్ళు రెండ్రోజులకి చూశారు. అది మీరు నాన్న మీద రాసిన పుస్తకంలో ఉందా?… ‘ప్రశాంతంగా కన్నుమూశారు.’ అచ్ఛా.

లేదు, ఏడవడం లేదు. ఏమీ రావడం లేదు. బియ్యం కడిగి పెట్టాను, వాటినే చూస్తున్నాను.

మీ పుస్తకం పేరు ఏమన్నారు… ‘తనకు తానే చాలినవాడు’. అది నా మాటే కదా. మీరు మా ఇంటికొచ్చి రికార్డ్ చేసుకున్నప్పుడు, కూతురి దగ్గరికి ఎందుకు రాలేదని అడిగారు. ఆయనకి ఒంటరిగా ఉండటమే ఇష్టం, తనకు తానే చాలు అన్నాను. మీరు దాన్నే పేరు పెట్టారు… మీ తప్పేముంది భయ్యా. నేను నిజమనే చెప్పాను.

ఫంక్షన్ ఆపడం ఎందుకు? అంత దూరం నుంచి వచ్చారు పాపం, బ్యాడ్జీలు పెట్టుకుని. మీ పుస్తకం రిలీజ్ చెయ్యండి, కేక్ కొయ్యండి.

పేజీలు…

వెయ్యండి. అన్నీ, వరసగా… మీరేం చెప్పక్కర్లేదు. పుస్తకం పేరు తప్పని వాళ్ళే తెలుసుకుంటారు. వాళ్ళకి చదవడం వచ్చు కదా.

ఒక్కటి చెప్పి వెళ్ళండి. చివరి పుస్తకం నా ముందే ఉంది, తెరిచి పెట్టుకున్నాను. పైన ఓ పక్కగా చిన్న మాట ఉంది, కింద గీత గీసి. అది ఆయన సంతకమేనా?

…

కాదా.

నా పేరా.

…

అయిదింట్లోనూ ఉంది భయ్యా ఇది. సంతకం అనుకున్నాను. బీరువా దుమ్ము దులిపినప్పుడల్లా పుస్తకం తెరిచి, దాని మీద వేలు పెట్టి దిద్దేదాన్ని. ఆయన పేరు ఒక్కటైనా వచ్చింది నాకు అనుకునేదాన్ని.

…

ఆ, పిలుస్తున్నారు మిమ్మల్ని, వినబడుతోంది. వెళ్ళండి.

లేదు, ఇంకేం లేదు. ఎసట్లో బియ్యం పోసుకోవాలి. పెట్టేస్తున్నాను.